దొర ఎంత ఎదుగుతాడు

ఆ వేసవిలో మా ఇంట్లో అందరికంటే మంచి తిండి తిన్నది గుర్రప్పిల్ల. తొంభై ఎనిమిదో సంవత్సరం సంగతి. ఉలవలు వాడికి, ఉలవలు ఉడికిన నీళ్ళు మాకు. ఆ నీళ్ళలోనే చింతపండు పిసికి చారు కాచేదాన్ని. మధ్యాహ్నం ఉలవచారు, రాత్రి ఉలవచారు. పెళ్ళి భోజనాల్లో మీగడ వేసి వడ్డిస్తే జనం లొట్టలేసుకుని తినే చారే అది, కాదనను. వేసవంతా వరసగా తిని చూడమనండి, అప్పుడు మాట్లాడదాం.

మాది బందరు. చిలకలపూడి స్టేషనుకి దగ్గర్లో రేకుల ఇల్లు, పక్కనే గుర్రానికి తాటాకు పాక. మా మావయ్య కృపావరం జట్కా తోలీ తోలీ ముసలాడయ్యాడు. ఆయన చేతిలోంచి కళ్ళెం కొడుకు, అదే మా ఆయన రాజబాబు, చేతికి వచ్చేసరికి ఊళ్ళోకి ఆటోలు దిగాయి. రైలు దిగినవాళ్ళు మా బండిని ఓసారి చూసి, నవ్వి, ఆటో ఎక్కి వెళ్ళిపోయేవాళ్ళు. కంపు కొడతాయని ఆటోవాళ్ళు ఎక్కించుకోని ఎండుచేపల బుట్టలే మాకు మిగిలిన బేరం. మా ఆయనకి కూడా ఆటో తోలాలని ఉంది. బేబీని, అదే మా ముసలి ఆడగుర్రాన్ని, పిల్లతో సహా అమ్మేస్తే ఆటో వచ్చేస్తుందని పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ పోరుతున్నాడు. కొనేవాడూ సిద్ధంగానే ఉన్నాడు. దివిసీమలో ఇటుక బట్టీ ఉన్న యలమంద. పొట్టి గుర్రాల చేత ఇటుక బండ్లు లాగిస్తాడు. ఆ బట్టీకి వెళ్ళిన గుర్రం మళ్ళీ వేసవి చూడదని జట్కావాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

పిల్ల పేరు దొర. మా అమ్మాయి ఏంజెల్ పెట్టింది. బందరులో సర్కస్ దిగినప్పుడు మావయ్య రోజూ గుడారం వెనక నిలబడి వాళ్ళ పెద్ద గుర్రాన్ని కళ్ళప్పగించి చూసొచ్చేవాడు. చివరికి దాని కాపలావాడికి ఎండు వంజరాలు మూటగట్టి ఇచ్చి, బేబీని తీసుకెళ్ళి చూలికి దాటించుకొచ్చాడు. నవంబరు ముసురులో దొర పుట్టాడు. పుట్టిన క్షణం నుంచీ మావయ్యకి ఒకటే ధ్యాస, వాడు ఎంత ఎత్తు ఎదుగుతాడని. సర్కస్ తండ్రి పోలికొస్తే ఒక బతుకు. జట్కా తల్లి పోలికొస్తే యలమంద బట్టీ.

ఆ ఎత్తు కావాల్సింది భూషణానికి. గుడివాడలో బ్యాండు మేళం నడిపే మనిషి. మార్చి నెలాఖరులో ఒక రోజు మోటారు సైకిలు మీద వచ్చి పాక ముందు దిగాడు.

"సినిమాలు చూసి చూసి పెళ్ళికొడుకులందరికీ గుర్రం కావాలి బాబాయ్. కిందటేడు జట్కా గుర్రాన్ని ముస్తాబు చేసి ఓ పొడుగాటి కుర్రాణ్ణి ఎక్కించా. కాళ్ళు నేలకి రాసుకుంటూ పోయాయి. ఆడపెళ్ళివారు ఒకటే నవ్వు. ఆ పెళ్ళికొడుకు నన్ను కొట్టడానికొచ్చాడు" అన్నాడు.

"పెద్ద గుర్రాన్నే కొనుక్కోలేకపోయావా?" అన్నాడు మావయ్య.

"పెద్దది డప్పుల చప్పుడికి బెదురుద్ది. చిన్నప్పట్నుంచీ మేళంలో పెరగాలి. అందుకే పిల్ల కోసం వచ్చా. మంచి ధరే ఇస్తా. దాంతోపాటు నువ్వూ రావాలి. నీకు గది, భోజనం అన్నీ మా ఇంటి దగ్గరే. కానీ ఎత్తు ముఖ్యం. వీడు ఎంత ఎదుగుతాడో ఇప్పుడే ఎట్టా తెలుస్తది?"

మావయ్య నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసి ఎన్నాళ్ళయిందో. లోపలికి వెళ్ళి నులక తాడు తెచ్చాడు.

"అమ్మాయ్, కింద కొస నువ్వు పట్టుకో."

మేత పెట్టే చెయ్యే కింద కొస పట్టుకోవాలని జట్కావాళ్ళ ఆనవాయితీ. నేను లద్దె అంటిన చేతులు కొంగుకి తుడుచుకుని దొర ముందు కాలి దగ్గర కూర్చున్నాను. గిట్ట పైనున్న కీలు దగ్గర నేను కొస పట్టుకుంటే, మావయ్య తాడుని పైకి లాగి వాడి మోచెయ్యి దగ్గర బొటనవేలితో నొక్కిపట్టాడు. తర్వాత నన్ను వదలమని, అదే తాడుని మోచెయ్యి నుంచి పైకి తిప్పి నిటారుగా పట్టుకున్నాడు. తాడు కొస వాడి మూపు దాటి, గాల్లో చాలా పైకి వెళ్ళింది.

"గుర్రప్పిల్ల కాళ్ళు పుట్టినప్పుడే పూర్తి పొడుగుతో పుడతాయి భూషణం. ఆ తర్వాత పెరిగేదంతా ఒళ్ళే. అందుకే కాలు కొలిస్తే చాలు. ఇదిగో, మూపు ఇక్కడికొస్తది" అని తాడు కొస భూషణం భుజానికి ఆనించాడు.

భూషణం తన భుజాన్ని తనే కొత్తగా చూసుకున్నాడు. "నమ్మొచ్చా?"

"మా నాన్న కొలిచాడు, నేను కొలిచాను. ఎప్పుడూ తేడా రాలేదు."

"పెళ్ళిళ్ళయ్యాక జూన్‌లో వస్తా. అప్పటికి పాలు మానేస్తాడుగా. ఎదుగుదల నా కంటికి ఆనిందా, ఇద్దర్నీ వ్యానెక్కించుకుపోతా. ఆనలేదా, నీ తాడు నువ్వే దాచుకో బాబాయ్."

సాయంత్రం మా ఆయన వచ్చాక ఈ సంగతి చెప్తే, కాళ్ళు కడుక్కుంటూ విన్నాడు. "తాడు పెట్టి కొలిస్తే గుర్రాలు పెరుగుతాయా? పిచ్చి కాకపోతే" అన్నాడు. మావయ్య తాడు చుట్టి చూరులో దోపాడు. కాసేపటికి మా ఆయనే మళ్ళీ అన్నాడు. "సరే, జూన్ దాకా ఆగుతా. భూషణం కాదన్న రోజునే యలమందకి కబురెడతా. తర్వాత నన్నెవరూ ఏమీ అనకూడదు."

నాకు మాత్రం లోపల సంబరంగా ఉంది. దొర ఎదిగితే మావయ్య దర్జాగా గుడివాడ వెళ్తాడు, మా ఆయనకి ఆటో వస్తుంది, నాకు ఈ చాకిరీ తప్పుతుంది. ముగ్గురి కష్టాలూ ఒక్క గుర్రప్పిల్ల మీద పెట్టుకుని కూర్చున్నాం.

ఏప్రిల్లో కాలువకి నీళ్ళు కట్టేశారు. కాలువ కడితే బందరులో బతుకెలా ఉంటుందో బందరువాళ్ళకి చెప్పక్కర్లేదు. పంపులో వచ్చే నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు. గుర్రాలు ఆ నీళ్ళు మూతి పెట్టి వదిలేసేవి. చర్చి దగ్గర మంచినీళ్ళ పంపుకి బిందెలతో పోయి వరసలో నిలబడేదాన్ని. అక్కడ ఆడవాళ్ళు "గుర్రాలకా? మనుషులకే లేక చస్తుంటే!" అని దెప్పేవాళ్ళు. పచ్చగడ్డి కోసం ఎండిన కాలువగట్టు వెంట ఎంతెంత దూరమో పోయేదాన్ని. వచ్చి ఉలవలు పొయ్యి మీద పడేసి, ఆ పొగలోనే కూర్చుని, కూలికి తెచ్చుకున్న రోల్డుగోల్డు గొలుసులకి కొక్కేలు వేసేదాన్ని. కళ్ళు మంటలు, నడుం పోట్లు. ఏంజెల్‌ని సెలవలకి అవనిగడ్డలో మా అమ్మ దగ్గరికి పంపేశాను. పిల్లకైనా మంచినీళ్ళు దొరుకుతాయని.

దొర మాత్రం పెరుగుతున్నాడు. చూస్తుండగా పెరుగుతున్నాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే మావయ్య తెల్ల పంచె కూడా మార్చుకోకుండా వాడి పక్కన నిలబడి, మూపు మీద అరచెయ్యి పెట్టి తన ఒంటి మీదికి జరిపి చూసుకునేవాడు. "చూశావా అమ్మాయ్, పోయిన వారం ఇక్కడ. ఈ వారం ఇక్కడ." యలమంద బండి మీద వెళ్తూ ఆగి, "ఏం పెడుతున్నావు బావా దీనికి? నాకు పనికిరాకుండా పోయేట్టుందే" అని నవ్వితే మావయ్య ఆ రోజంతా నేల మీద నడవలేదు.

నాకు ఒక్కటే అర్థం కాలేదు. దొరకి పొద్దున్నే నేను కొలిచి పెట్టేది సోలెడు ఉలవలు. డబ్బా మాత్రం ఎప్పుడు చూసినా అడుగంటి ఉండేది. ఎలకలనుకున్నాను. పక్కింట్లోంచి బోను తెచ్చి ఎండుచేప గుచ్చి పెట్టాను. ఒక్క ఎలకా పడలేదు.

"ఏవండీ, ఈ ఎలకలు నాకంటే తెలివైనవిలా ఉన్నాయి. ఉలవలు మళ్ళీ అయిపోయాయి" అన్నాను మా ఆయనతో.

"తెస్తాలే" అన్నాడు. ఉప్పు అయిపోయిందంటేనే ఇంతెత్తున లేచే మనిషి గొణగకుండా తెచ్చి పడేశాడు. ఎండకి మెత్తబడ్డాడనుకున్నాను.

మే నెల చివర్లో ఒక పొద్దున్న ఉలవల గిన్నె పట్టుకుని పాకలోకి వెళ్ళాను. ఎప్పుడూ గిన్నె చప్పుడికే ఎగురుకుంటూ వచ్చే దొర ఆ రోజు రాలేదు. నిలబడ్డ చోటే నిలబడి నా వైపు చూస్తున్నాడు. ముందు కాళ్ళ కీళ్ళు వాచి ఉన్నాయి. గిట్టలు పూర్తిగా నేలకి ఆనడం లేదు. ఎత్తు మడమల చెప్పులు కొత్తగా వేసుకున్న పిల్లలాగా వేళ్ళ మీద నిలబడి, ఎటు తూలుతాడో అన్నట్టున్నాడు.

"మావయ్యా!" అని అరిచాను.

మావయ్య వచ్చి చూశాడు. గడ్డిమోపు మీద కూలబడ్డాడు. మా ఆయన బండి కట్టబోతున్నవాడల్లా కళ్ళెం కింద పడేసి వచ్చాడు. "పదండి, ఆస్పత్రికి" అన్నాడు. ఆ రోజు ఎండుచేపల బేరం ఉంది. దాని ఊసే ఎత్తలేదు.

పశువుల డాక్టరు విజయకుమారి గారు దొర కాళ్ళు తడిమి తడిమి చూసి లేచి, "మేత ఏం పెడుతున్నారు?" అని అడిగారు.

"పచ్చగడ్డి, కాస్త తవుడు, ఉడికించిన ఉలవలు. తల్లి పాలు ఎలాగూ ఉన్నాయి" అన్నాను నేను.

"ఉలవలు ఎంత?"

"పొద్దున్న సోలెడండి."

"అంతేనా? అంతకే ఇలా అవదమ్మా. సరిగ్గా చెప్పండి."

నాకు ఒళ్ళు మండింది. "నేనే ఉడికిస్తానండీ, నేనే కొలుస్తాను. సోలెడంటే సోలెడే. అబద్ధమాడితే నాకేం వస్తది?"

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయి లేవకముందు నేనో రెండు సోలలు పెడుతున్నానండి. నానబెట్టినవి."

నేను ఆయన వైపు నోరెళ్ళబెట్టి చూశాను. "ఎందుకు మావయ్యా? కాలు కొలిస్తే చాలు, ఎత్తు అందులోనే ఉందని మీరే కదా అన్నారు!"

"అన్నానమ్మా." ఆయన తల వంచుకున్నాడు. "ఎప్పుడూ ఎవరి గుర్రాలకో కొలిచాను. ఈసారి మనది. భయమేసింది."

డాక్టరు గారు లెక్క కట్టుకుంటున్నట్టు తలూపుతున్నారు. అప్పుడు మా ఆయన, ఆస్పత్రి గోడ వైపు చూస్తూ, "సాయంత్రం బండి విప్పాక నేనూ పెడుతున్నానండి" అన్నాడు.

"నువ్వా!" అన్నాడు మావయ్య.

"నేనే. రెండు సోలలు. ఒక్కోసారి ఇంకా ఎక్కువ."

"నీకు తాడు మీద నమ్మకమే లేదు కదరా."

"లేదు. అందుకే పెట్టా." మా ఆయన దొర మెడ మీద పలుపు సర్దాడు. "వాడు ఎదక్కపోతే యలమందకి కబురెడతానన్నాను. అన్న మాట అన్నాను గానీ, ఆ రోజు నీ మొహం నేను చూళ్ళేను నాన్నా."

తండ్రీకొడుకులిద్దరూ చెరొక వైపు చూస్తూ నిలబడ్డారు. వాళ్ళ మధ్యలో దొర వేళ్ళ మీద నిలబడి నా కొంగు నములుతున్నాడు. ఎలకల కోసం బోను పెట్టిన నా తెలివికి నాకే ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

డాక్టరు గారు మమ్మల్ని తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఎముక ఒక్కసారిగా పెరిగిపోయింది. నరాలు దాంతో సమానంగా సాగలేదు. అందుకే కాళ్ళు ముందుకి లాగేస్తున్నాయి. ఈ రోజు నుంచీ ఉలవలు మానేసెయ్యండి. గడ్డి పెట్టండి, రోజూ మెల్లిగా నడిపించండి. చాలావరకు సర్దుకుంటుంది. కానీ ఇవి బరువు మోసే కాళ్ళు మాత్రం కావండీ. బండి కట్టొద్దు, పైన మనిషిని ఎక్కించొద్దు."

"ఎత్తు పెరుగుతాడా అమ్మా?" అని అడిగాడు మావయ్య.

"ఎత్తుకేం, బాగా పెరుగుతాడు."

దొరని నడిపించుకుంటూ ఇంటికొచ్చాం. నాలుగడుగులు వేయడం, ఆగడం. ఆటోలు మా పక్కనుంచి హారన్లు కొట్టుకుంటూ వెళ్తున్నాయి.

ఉలవలు మానేశాక గిట్టలు కొంచెం కొంచెం నేలకి దిగాయి. జూన్‌లో భూషణం వచ్చేనాటికి దొర నిలబడి ఉంటే తెలియనివాళ్ళకి తేడా తెలియదు. నడిస్తేనే తెలుస్తుంది. మోటారు సైకిలు చప్పుడు విని మా ఆయన మావయ్య చెవిలో అన్నాడు. "నాన్నా, పాకలోనే నిలబెట్టి చూపించు. కింద గడ్డి ఎక్కువ వేశా. కాళ్ళు కనపడవు."

భూషణం పాకలోకి తొంగిచూసి, "అబ్బో! ఏంది బాబాయ్, ఇంత ఎదిగాడా!" అని ఒక్క కేక వేశాడు. తాడు తెమ్మని కూడా అనలేదు. చెయ్యి వేసి వాడి మూపు తడుముతూ మురిసిపోతున్నాడు. "వ్యాను రేపే పంపుతా. బట్టలు సర్దుకో."

ఒక్క మాట అనకుండా ఊరుకుంటే చాలు. అన్నీ మేము అనుకున్నట్టే అయిపోతాయి. ఊరుకోమని మావయ్యకి కళ్ళతోనే చెప్తున్నాను. మావయ్య నా వైపు చూడలేదు. దొర పలుపు విప్పి, గడ్డిలోంచి బయటికి, ఎండలోకి నడిపించాడు.

"నడక చూడు భూషణం."

దొర నడిచాడు. రెండడుగులకోసారి ముందు కాళ్ళు వణికి ముందుకి మడతపడుతున్నాయి.

"ఎత్తు వస్తాడు. నేను చెప్పినంతా వస్తాడు. కానీ మనిషిని మొయ్యలేడు. ఎక్కిస్తే పెళ్ళికొడుకుతో సహా కూలిపోతాడు" అన్నాడు మావయ్య. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. మా ఆయన పాక గుంజ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

భూషణం చాలాసేపు దొర కాళ్ళనే చూశాడు. "అయ్యో బాబాయ్" అన్నాడు చివరికి. మోటారు సైకిలు దాకా వెళ్ళాడు, మళ్ళీ వెనక్కొచ్చాడు. "ఇంక పెద్ద గుర్రాన్నే తెచ్చుకుంటా. చప్పుడికి బెదరకుండా దాన్ని లొంగదీసే మనిషి కావాలి. నువ్వు రా. గది అట్టాగే ఉంది."

మావయ్య మొహం ఒక్కసారి వెలిగింది. వెంటనే ఆయన చెయ్యి దొర మెడ మీదికి పోయింది. "వీణ్ణెవరు చూస్తారు? నేనటు వెళ్ళగానే వీణ్ణి ఊరికే ఇచ్చినా యలమంద తోలుకుపోతాడు. కాళ్ళు ఉన్నన్నాళ్ళు లాగిస్తాడు. నేను రాలేనులే భూషణం."

మా ఆయన గుంజ వదిలి, కింద పడ్డ గడ్డి కాలితో తోశాడు. కబురెడతానన్నది ఆయనే. నేను ఆ జూన్ కోసం ఎలా కాచుకున్నానో నాకు తెలుసు. పొద్దున్న లేవగానే నడుం పట్టుకుని, ఇంకొన్నాళ్ళే, ఇంకొన్నాళ్ళే అనుకుంటూ లేచేదాన్ని. ఆ పూట కూడా గడ్డి కోసి అప్పుడే వచ్చాను. మోపు ఇంకా నెత్తి మీదే ఉంది. దించి కింద పడేశాను.

"మీరు వెళ్ళండి మావయ్యా. వాణ్ణి నేను చూసుకుంటా" అన్నాను.

"నీ ఒంట్లో ఓపికెక్కడుందమ్మా?"

"లేదు. అయినా చూసుకుంటా."

మా ఆయన అప్పుడు నోరు తెరిచాడు. "బండి లాగడు, మనిషిని మొయ్యడు. ఏం చేసుకుంటావే వాణ్ణి?"

"వాడి కాళ్ళట్టా చేసింది మీరిద్దరూ. ఇప్పుడు వాణ్ణి బట్టీకి తోలి, ఈ ఇంట్లో కూర్చుని అన్నం తింటారా?" అన్నాను. అంత గట్టిగా ఆ ఇంట్లో నేనెప్పుడూ మాట్లాడలేదు. మా ఆయన వంగి, నేను పడేసిన మోపు ఎత్తి పాకలో పెట్టాడు.

మావయ్య మర్నాడు గుడివాడ వెళ్ళాడు. బేబీని యలమందకి ఇవ్వలేదు. మోపిదేవిలో గుడికి జనాన్ని తోలే జట్కా ఆయనకి అమ్మాం. ఆ డబ్బు ముందు కట్టి, మిగతాది వాయిదాల మీద మా ఆయనకి ఆటో వచ్చింది. నాకు దొర మిగిలాడు.

మరుసటి ఏడు ఆషాఢంలో, పెళ్ళిళ్ళు లేని రోజులు కాబట్టి, మావయ్య నాలుగు రోజులు ఉండటానికి వచ్చాడు. మధ్యలో వచ్చి నిలబడి వెళ్ళేవాడే తప్ప ఉండింది లేదు. దొర మూపు అప్పటికి మా ఆయన భుజం దాకా వచ్చింది. పలుపు వేయాలంటే నేను మునివేళ్ళ మీద లేవాల్సిందే. మావయ్య ఎప్పటిలా వాడి పక్కన నిలబడి చూసుకోలేదు. వచ్చీ రాగానే కింద కూర్చుని ముందు కాళ్ళు రెండూ నిమిరాడు.

"ఎత్తు మీరన్నంతా వచ్చాడు మావయ్యా" అన్నాను.

"వస్తాడులేమ్మా" అన్నాడు. కీళ్ళు తడుముతూనే తలెత్తి నన్ను చూశాడు. అలా చాలాసేపు చూశాడు. "నువ్వేంటి, ఇట్టా అయిపోయావు?"

ఆ ఇంటికి కాపురానికి వచ్చాక నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆయన లేచి, నా చేతిలో కొడవలి తీసుకుని, దొరని తోలుకుని మెల్లిగా కాలువగట్టు వైపు వెళ్ళాడు. మా ఆయన ఆటో తీసుకుని స్టేషనుకి పోయాడు. ఏంజెల్ బళ్ళో ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. చాప వేసుకుని పడుకున్నాను.

వాళ్ళు ఎప్పుడొచ్చారో తెలియదు. ఎవరు వండారో, ఎవరు తిన్నారో తెలియదు. నన్ను మాత్రం ఎవరూ లేపలేదు.